లీబెర్ ఉసువాలిస్ కొనవచ్చా? ఒక విచారణ గాయకుడి సమీక్ష

కతోలిక చర్చిలో లాటిన్‌లో పాడే ప్రాచీన గానమైన గ్రెగోరియన్ గానం నేర్చుకోవాలని బయలుదేరిన ప్రతివారికీ ఎవరో ఒకరు చెప్పే పుస్తకం లీబెర్ ఉసువాలిస్. మామూలుగా వాడుకునే పుస్తకం అని ఆ లాటిన్ పేరుకు అర్థం. పేరు ఎంత నిరాడంబరంగా ఉన్నా పుస్తకం మాత్రం 1900 పుటలు దాటిన లావుపాటి గ్రంథం. ఫ్రాన్సులో సార్త్ నది ఒడ్డున ఉన్న సొలెమ్ మఠంలోని బెనెడిక్టు సభ సన్యాసులు దీన్ని కూర్చారు. తొలి ముద్రణ 1896లో వచ్చింది. ఆ తర్వాత 1960ల దాకా బెల్జియంలోని తూర్నే పట్టణం నుంచి దెక్లే ప్రచురణ సంస్థ దీన్ని మార్పులతో, చేర్పులతో మళ్లీ మళ్లీ అచ్చువేసింది. నేను కృష్ణా జిల్లాలోని ఒక విచారణలో, అంటే పారిష్‌లో, ఆదివారం పూజకు పాటలు పాడించే వాణ్ణి. ఏడాదిగా వారానికి రెండు మూడు సాయంత్రాలు ఈ పుస్తకంతో కూర్చున్న అనుభవంతో, తెలుగునాట దీన్ని ఎవరు కొనవచ్చో, ఎవరికి అనవసరమో చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

కొనడం దగ్గరే నాకు మొదటి దెబ్బ తగిలింది. విదేశంలోని ఒక పాత పుస్తకాల వ్యాపారి, పేరు ఇక్కడ అనవసరం, ఇంగ్లీషు సూచనలున్న ప్రతి అని చెప్పి పంపినది తీరా విప్పి చూస్తే పీఠిక మొదలుకొని సూచనల దాకా అంతా లాటిన్‌లోనే ఉంది; పైగా మృతుల పూజ దగ్గర ఒక ఫారం మొత్తం, అంటే 16 పుటలు, కుట్టులోంచి ఊడిపోయి ఉన్నాయి. తపాలా ఖర్చు పుస్తకం ధరను మించిపోయింది కాబట్టి తిప్పి పంపడానికి మనసొప్పలేదు. ఆ ప్రతిని పక్కన పెట్టి, 1961 నాటి ఇంగ్లీషు సూచనల ముద్రణకు తీసిన పునర్ముద్రణ ఒకటి తెప్పించుకున్నాను. పాత ప్రతి కొనేవారు ముఖపత్రం ఫొటో, సంవత్సరం కనిపించే పుట ఫొటో తప్పక అడగాలి. సంవత్సరం ఎందుకంటే, పన్నెండవ భక్తినాథ పోపుగారు 1955 చివరలో పవిత్రవారపు క్రమాన్ని సంస్కరించారు. అంతకుముందు అచ్చయిన ప్రతుల్లో మట్టల ఆదివారం నుంచి పాస్కా జాగరణ దాకా పాత క్రమమే ఉంటుంది.

పుస్తకం చేతిలో ఇమిడే పరిమాణంలోనే ఉంటుంది. కాగితం బైబిలు కాగితంలా పల్చగా ఉంటుంది కాబట్టి ఫ్యాను కింద పెట్టి పాడడం కుదరదు; మా బృందంలో ఒకరికి పుటలు పట్టుకోవడమే పని. మొదట స్వరలిపిని, ఉచ్చారణను వివరించే పీఠిక, తర్వాత పూజలో ప్రతిసారీ వచ్చే భాగాలు, ఆపైన ఆదివారపు ప్రార్థనావేళల కీర్తనలు, ఆగమనకాలంతో మొదలయ్యే సంవత్సర క్రమం, పునీతుల పండుగలు, చివరన మృతుల పూజ, భూస్థాపన ప్రార్థనలు వస్తాయి. కీరియె నుంచి ఆన్యుస్ దేయి దాకా పూజలో మారని భాగాలకు 18 వరుసలు ఇచ్చారు. 'క్రేదో' అనే విశ్వాస ప్రకటనకు విడిగా ఆరు బాణీలున్నాయి. లోకమంతా పాడే 'దే ఆంజెలిస్' అనే 8వ వరుస 37వ పుటలో, దానితో జతగా పాడే మూడవ క్రేదో 68వ పుటలో ఉన్నాయి. ఒక్కో బాణీ పైన అది ఏ శతాబ్దానిదో చిన్న అంకెల్లో వేసి ఉండడం నాకు బాగా నచ్చింది. అందరూ ఆది క్రైస్తవుల కాలానిదని అనుకునే ఆ మూడవ క్రేదో పక్కన 17వ శతాబ్దం అని కనిపించినప్పుడు, అది మన క్షేత్రయ్య పదాల కాలానిదన్నమాట అని ఆశ్చర్యపడ్డాను.

ఇక స్వరలిపి. పాశ్చాత్య సంగీతపు ఐదు గీతలకు బదులు ఇక్కడ నాలుగే గీతలు. వాటి మీద గుండ్రని స్వరాలకు బదులు నల్లటి చదరపు గుర్తులు ఉంటాయి. చూడగానే భయం వేస్తుంది గాని, కర్ణాటక సంగీతం కాస్తయినా తెలిసినవారికి ఇది కీబోర్డు పుస్తకాలకన్నా దగ్గరగా ఉంటుంది. ఎడమ చివర ఉండే క్లెఫ్ గుర్తు, దో రే మీ ఫా సోల్ లా సి అనే పాశ్చాత్య సప్తస్వరాల్లో 'దో' ఎక్కడుందో, లేదా 'ఫా' ఎక్కడుందో చెప్పి ఊరుకుంటుంది. ఆ దో ఏ శ్రుతిలో ఉండాలన్నది గాయకుల గొంతును బట్టి పెట్టుకోవలసిందే. మనం ఒకటిన్నరకో, అయిదుకో శ్రుతి పెట్టుకున్నట్టు మేము మా ఆడవాళ్ల గొంతులకు తగ్గట్టు పెట్టుకుంటాం. ఒక అక్షరం మీద రెండు స్వరాలు పైకి వెళితే ఒక గుర్తు, కిందికి దిగితే మరొకటి, మూడు స్వరాలు ఎక్కి దిగితే ఇంకొకటి. ఇలాంటివి పదీ పన్నెండు గుర్తులు నేర్చుకుంటే పుస్తకంలో చాలా భాగం చదవవచ్చు. రెండు వారాలు చాలు.

ఎనిమిది 'మోడ్'ల, అంటే ఈ గానపు స్వర వరుసల, విషయంలో మాత్రం పీఠిక మన పాఠకుడికి చాలదు. ప్రతి పాట ఆరంభంలో ఒక అంకె ఉంటుంది. ఆ పాట ఏ స్వరం మీద ముగుస్తుందో, ఏ స్వరం చుట్టూ తిరుగుతుందో ఆ అంకె చెబుతుంది. నేను మా పిల్లలకు చెప్పే పద్ధతి ఇది: రే మీద ముగిసే 1, 2 మోడ్‌ల స్వరాలు ఖరహరప్రియవి, మీ మీద ముగిసే 3, 4 హనుమతోడివి, సోల్ మీద ముగిసే 7, 8 హరికాంభోజివి. ఫా మీద ముగిసే 5, 6 మేచకల్యాణి స్వరాలు కావాలి గాని, వాటిలో 'సి' స్వరాన్ని తరచు తగ్గించి పాడతారు కాబట్టి చెవికి శంకరాభరణమే వినిపిస్తుంది. దే ఆంజెలిస్ కీరియె మన జనానికి సులభంగా పట్టుబడడానికి కారణం ఇదే కావచ్చు. అయితే స్వరాలు కలిసినంత మాత్రాన రాగం కలవదు. గమకం వేస్తే ఈ గానం చెడిపోతుంది. మా బృందంలో కచేరీలు బాగా విన్న ఒక గాయని హనుమతోడి అనగానే గాంధారాన్ని ఊపడం మొదలుపెట్టారు, ఆ అలవాటు మాన్పించడానికి ఒక నెల పట్టింది.

మాటకు, స్వరానికి ఉన్న పొందిక ఎంత సూక్ష్మమో ఈ పుస్తకం ముందు పెట్టుకుంటేనే తెలుస్తుంది. క్రిస్మస్ పగటి పూజ ప్రవేశ గీతం 'పువెర్ నాతుస్' తొలి మాటలోనే సోల్ నుంచి పై 'రే' స్వరానికి, అంటే మన లెక్కలో షడ్జం నుంచి పంచమానికి, ఒక్క గెంతు వేస్తుంది. శిశువు పుట్టాడన్న వార్తకు అది తగినదే. మరి ఉత్థాన పండుగ ప్రవేశ గీతం 'రెసుర్రెక్సి' ఇంకెంత ఆర్భాటంగా ఉంటుందో అనుకుని తెరిస్తే, అది 4వ మోడ్‌లో కొద్దిపాటి స్వరాల మధ్యే, తెల్లవారుజామున ఇంట్లో ఎవరినీ నిద్ర లేపకుండా నడిచినట్టు సాగుతుంది. మా కీబోర్డు కళాకారుడు రెండింటి పుటలూ తారుమారయ్యాయేమోనని అడిగాడు.

అయినా నన్ను అడిగితే, ఈ పుస్తకానికి పెట్టిన డబ్బు ఆ ప్రసిద్ధ గీతాల వల్ల గిట్టలేదు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. గిట్టినది కీర్తనల బాణీల వల్ల. ఒక్కో బాణీకి మొదట గొంతు ఎత్తుకునే రెండు మూడు స్వరాలు, తర్వాత వాక్యమంతా చదువుకుంటూ పోయే ఒకే స్వరం, మధ్యలో ఒక మలుపు, చివర ఒక ముగింపు ఉంటాయి. ఆదివారం సాయంకాల ప్రార్థనలో మొదటిదైన 109వ కీర్తననే చూడండి, హెబ్రీ లెక్కలో అది 110వది. 'దీక్సిత్ దోమినుస్ దోమినో మేయో' అన్న పాదంలో దో, మే అన్న అక్షరాలు లావుగా అచ్చువేశారు. రెండవ పాదంలో 'దెక్స్‌త్రిస్ మేయిస్' దగ్గర దెక్స్, మే లావుగా ఉన్నాయి. గాయకుడు లావు అక్షరం రాగానే స్వరం మార్చాలి, అంతే. కొన్ని బాణీల్లో ఆ లావు అక్షరానికి ముందు సన్నాహంగా మారే అక్షరాలుంటాయి, వాటిని వాలు అక్షరాల్లో వేశారు. సంగీతం చదవడం రానివారు కూడా, బాణీ చెవికి ఎక్కితే, 30 పాదాల కీర్తన తడబడకుండా పాడగలరు. ప్రతి పల్లవి చివర 'ఏ ఊ ఓ ఊ ఆ ఏ' అని ఆరు అచ్చులు కనిపిస్తాయి. మొదట్లో మేము దాన్ని ఏదో లాటిన్ మాట అనుకుని నిఘంటువులో వెతికాం. 'సేకులోరుమ్ ఆమెన్' అన్న ముగింపు మాటల్లోని అచ్చులను మాత్రమే తీసి, స్థలం కలిసివస్తుందని అలా వేశారు; ఆ కీర్తన ముగింపు ఏ తీరుగా పాడాలో వాటి మీది స్వరాలు చెబుతాయి.

ఈ బాణీల్లో తెలుగు కీర్తనలు పాడవచ్చా అన్న ప్రశ్న నాలాంటివారికి సహజంగానే వస్తుంది. ప్రయత్నించాం. 23వ కీర్తనను 8వ బాణీలో పెట్టి చూస్తే, 'కాపరి' అన్న మాట దగ్గర అది అచ్చంగా ఒదిగింది. గురువు, లఘువు, లఘువు అన్న దాని భగణపు నడక 'దోమినుస్' నడకతో సరిపోతుంది. 'కలుగదు' దగ్గరకు వచ్చేసరికి తెల్లబోయాం. నాలుగూ లఘువులే, లాటిన్ మాటలో ఏదో ఒక అక్షరం మీద ఊనిక తప్పనిసరిగా ఉంటుంది, తెలుగులో అటువంటి ఊనిక లేదు. చివరి నుంచి మూడో అక్షరమైన 'లు' మీద స్వరం మార్చితే మాట రెండు ముక్కలైనట్టు వినిపించింది. చివరికి మాట మొదటి అక్షరం మీదే మార్చి, మిగిలినవాటిని ఒకే స్వరం మీద జార్చడం మేలనిపించింది. ఇది పుస్తకం లోపం కాదు. లాటిన్ కోసం కుట్టిన చొక్కా అది. తెలుగుకు వాడాలంటే కొలతలు మనమే తీసుకోవాలి.

పుస్తకంలో నిజంగా వివాదాస్పదమైనది లయ. స్వరాల కింద చిన్న నిలువు గీతలు, పైన అడ్డగీతలు, పక్కన చుక్కలు కనిపిస్తాయి. చుక్క ఉంటే స్వరం రెట్టింపు, అడ్డగీత ఉంటే కాస్త నిదానం, నిలువు గీత ఉంటే అక్కడ రెండేసి, మూడేసి స్వరాల జట్టు మొదలవుతుందని పీఠిక చెబుతుంది. తాళం లేని తిశ్ర, ద్వయాల కలబోత అనుకోవచ్చు. వీటి వెనక పెద్ద కథ ఉంది. ఫ్రెంచి విప్లవంలో మూతపడిన సొలెమ్ మఠాన్ని 1833లో దోం ప్రోస్పెర్ గెరాంజే మళ్లీ తెరిచారు ('దోం' ఆ సన్యాసుల పేర్ల ముందు వాడే గౌరవపదం). అరిగిపోయి, కుదించుకుపోయిన గానాన్ని పాత చేతిరాత ప్రతుల నుంచి తిరిగి నిలబెట్టే పని ఆయన శిష్యులు తలకెత్తుకున్నారు. దోం జోజెఫ్ పోతియే 1883లో తన గ్రాదువాలెను, అంటే పూజ గీతాల పుస్తకాన్ని, ప్రచురించారు. దోం ఆంద్రే మొక్రో 1889 నుంచి ఆ చేతిరాత ప్రతుల ఛాయాచిత్రాలనే సంపుటాలుగా వెలువరించారు. పదవ భక్తినాథ పోపుగారు 1903లో ఈ గానాన్ని దైవార్చన సంగీతానికి ప్రమాణంగా ప్రకటించిన తర్వాత, 1908లో వచ్చిన వాటికన్ అధికారిక గ్రాదువాలెలో ఈ లయ గుర్తులు లేవు. వాటిని చేర్చినది మొక్రో, ఆయన సహచరులు. అడ్డగీతలకు స్విట్జర్లాండులోని సెయింట్ గాలెన్ మఠపు 10వ శతాబ్దపు ప్రతుల్లో చాలాచోట్ల ఆధారం ఉంది. నిలువు గీతలకు అటువంటి ఆధారం లేదు. సొలెమ్ సన్యాసి అయిన దోం యూజెన్ కార్దీన్ తర్వాతి తరంలో ఆ ప్రతులనే మళ్లీ పరిశీలించి, స్వరం నిడివిని మాట నడకే నిర్ణయిస్తుందని వాదించారు. ఆ పరిశోధన ఫలంగా 1979లో వచ్చిన గ్రాదువాలె త్రిప్లెక్స్‌లో చదరపు స్వరాలకు పైనా కిందా ప్రాచీన ప్రతుల గుర్తులను కూడా వేశారు. కాబట్టి ఒక మఠం తన పాత పుస్తకాన్ని తానే ప్రశ్నించిందన్నమాట.

గాయక బృందాన్ని నడిపేవాడిగా నా అభిప్రాయం వేరే దారిలో ఉంది. అందరూ ఒకేసారి పాడాలంటే కొత్తవారికి ఆ గుర్తులు ఊతకర్ర. ఆరు నెలల తర్వాత ఊతకర్ర వదలకపోతే నడక చెడుతుంది. మేము నిలువు గీతలన్నీ లెక్కపెట్టుకుంటూ 'పాంజె లింగువా' అనే స్తోత్రం పాడిన సాయంత్రం, పూజ అయ్యాక ఒక పెద్దావిడ నా దగ్గరకొచ్చి, "బాగానే ఉంది గాని సాగదీస్తున్నారు బాబూ. మా చిన్నప్పుడు ఫాదరుగారు ఇది మాట్లాడినట్టు పాడేవారు" అన్నారు. కార్దీన్ వాదాన్ని ఇంతకన్నా క్లుప్తంగా చెప్పినవారిని నేను చూడలేదు.

ఆవిడ మాట వినగానే మా తాతగారి నోటుబుక్కు గుర్తొచ్చింది. ఆయన ఉపదేశి, అంటే ఊళ్లో మతబోధ చేసేవారు. పూజ లాటిన్‌లో జరిగిన రోజుల్లో, ఇటలీ నుంచి వచ్చిన గురువుల (ఫాదర్ల) దగ్గర విని, లాటిన్ పాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు. స్వరాలు లేవు, మాటలే. మా నాన్నగారు వాటిలో కొన్నింటిని ఇప్పటికీ కూనిరాగంగా పాడతారు. లీబెర్ చేతికొచ్చాక ఒక్కొక్కటే పోల్చి చూశాను. మృతుల పూజ ప్రవేశ గీతం 'రెక్వియెమ్', 6వ మోడ్‌లో ఫా సోల్ స్వరాల మధ్య మొదలయ్యే ఆ గీతం, నాన్నగారి గొంతులోనిది పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఊళ్లో చావులు తరచుగా జరిగేవి కాబట్టి అది చెదరలేదనుకుంటాను. దివ్యసత్ప్రసాద ఆశీర్వాదంలో పాడే 'తాంతుమ్ ఎర్గో' బాణీ మాత్రం ఎంత వెతికినా ఈ పుస్తకంలో దొరకలేదు. ఆ గురువులు తమ ఊరి బాణీ ఏదో వెంట తెచ్చి ఉంటారు. 1900 పుటల పుస్తకం కూడా ఒక ఊరి చర్చిలో పాడినదంతా పట్టుకోలేదు.

ఉచ్చారణ విభాగం పొట్టిదే అయినా పనికొచ్చేది. రోము పద్ధతిలో ఏ అక్షరం ఎలా పలకాలో చెబుతుంది: 'చేలి', 'ఆన్యుస్', 'గ్రాత్సియా', 'ఎక్షెల్సిస్'. ఇంగ్లీషువారి కోసం రాసిన హెచ్చరికల్లో సగం మనకు అక్కర్లేదు. స్వచ్ఛమైన అచ్చులు, దంతాలకు తగిలే తకార దకారాలు తెలుగు నోటికి పుట్టుకతోనే ఉన్నాయి. మనకు కావలసిన హెచ్చరిక ఒకటి అందులో లేదు. మాట చివర హల్లు వస్తే తెలుగువాడు దాని పక్కన ఉకారం చేరుస్తాడు. మా బృందం చాలా రోజులు 'దోమినుస్'ను 'దోమినుసు' అనే పాడింది.

లోపాలు చెప్పాలంటే మొదటిది, ఇది ఇప్పటి పూజా క్రమానికి ముందు నాటిది. 1969లో పూజా క్రమం, పండుగల పట్టిక మారాయి. ఈ పుస్తకంలో ఉన్న ఆదివారాల పేర్లు, వాటికి కేటాయించిన గీతాలు ఇప్పటి పట్టికతో చాలాచోట్ల కలవవు. మృతుల పూజలోని 'దీయెస్ ఈరె' అనే గీతం ఇప్పటి పూజా క్రమంలో లేదు. రెండవది, గీతాలకు అనువాదం లేదు. నా ప్రతిలో పీఠిక, సూచనలు ఇంగ్లీషులో ఉన్నా పాడే మాటలకు అర్థం మరో పుస్తకంలో వెతుక్కోవాలి. తెలుగువారు ఒక బైబిలు పక్కన పెట్టుకుంటే చాలావరకు గట్టెక్కవచ్చు, ఎందుకంటే గీతాల్లో అధికభాగం కీర్తనల వాక్యాలే. కీర్తన సంఖ్య దగ్గర ఒకటి తేడా వస్తుందని మరచిపోకూడదు. మూడవది, మాతిన్స్ అనే రాత్రి ప్రార్థనలు క్రిస్మస్, పవిత్రవారం వంటి పెద్ద రోజులవి మాత్రమే ఉన్నాయి. ఇంకొక వింత ఏమిటంటే, సన్యాసులు తయారుచేసిన ఈ పుస్తకం సన్యాసుల ప్రార్థనావేళలకు సరిపోదు. బెనెడిక్టు నియమంలో కీర్తనల పంపిణీ వేరు, వారికి వేరే పుస్తకం ఉంది. ఇది విచారణల కోసం చేసినది.

రెండవ వాటికన్ మహాసభ 1963 నాటి దైవార్చన పత్రంలో, ఇతర విషయాలు సమానమైనప్పుడు గ్రెగోరియన్ గానానికి ప్రధాన స్థానం ఇవ్వాలని 116వ అంశంలో చెప్పింది. ఆ స్థానం ఇవ్వాలనుకునే విచారణ ముందుగా ఈ లావుపాటి పుస్తకం కొనాలని నేను అనను. ఆరవ పౌలు పోపుగారు 1974లో అన్ని మేత్రాసనాలకు (డయోసిస్‌లకు) పంపిన జుబిలాతె దేయో అనే చిన్న సంకలనం ఉంది. సామాన్య విశ్వాసులు లాటిన్‌లో తెలుసుకోవలసిన కనీస గీతాలు అందులో ఉన్నాయి. ఇప్పటి పట్టిక ప్రకారం మొత్తం పాడాలనుకుంటే అదే ఏడాది వచ్చిన గ్రాదువాలె రొమానుమ్ కావాలి. సెమినరీలో చదివే గురువిద్యార్థులకు, సంగీతం లోతుగా చదవదలచినవారికి, కీర్తనల బాణీలు పట్టుబడాలనుకునేవారికి మాత్రం లీబెర్‌కు సాటి వచ్చేది నాకు కనిపించలేదు. 1961 ముద్రణ స్కాన్ ప్రతి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. కొనేముందు దాన్ని దించుకుని ఒక నెల వాడి చూడడం మంచిది.

మా ఎనిమిది మందికి అచ్చు ప్రతి ఒక్కటే ఉంది. మిగిలినవారికి కావలసిన పుటలను స్కాన్ నుంచి పెద్దవిగా చేసి, జిరాక్స్ తీసి, ఫ్యాను గాలికి ఎగరకుండా అట్టకు అంటించి ఇస్తున్నాం. వచ్చే తపస్సుకాలానికి 18వ వరుసలోని సాంక్తుస్, అంటే 'పరిశుద్ధుడు' గీతం, నేర్చుకుంటున్నాం. మృతుల పూజలో పాడేదీ అదే కాబట్టి ఒకసారి నేర్చుకుంటే రెండు చోట్ల పనికొస్తుంది. మొదటి సాధన రోజున 'దోమినుసు' మళ్లీ వినిపించింది.